రెండు గాట్ల కండె

మరమగ్గాల షెడ్డులోకి అడుగుపెట్టగానే కోమలి కంట ముందుగా పడింది తండ్రి కాదు, ఆయన సాంచా మీద మేకుకు వేలాడుతున్న గుడ్డ. ముదురు మెరూను చీర ముక్క అది. నడుమ జానెడు వెడల్పున ఆకుపచ్చ పట్టీ, మాసిక వేసినట్టు అడ్డంగా పడి ఉంది.

సూరత్ నగరం ఉధ్నాలోని ఆ షెడ్డుకు ఒక రివాజు ఉంది. ఎవరి సాంచా మీద, అంటే మరమగ్గం మీద, గుడ్డ పాడైతే ఆ ముక్కను కోసి వాళ్ల నెత్తిమీదే తగిలిస్తారు. ఇంకొకరిది పాడయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. నూలు దించే హమాలీలు చూస్తారు, సరుకు చూసుకోవడానికి వచ్చే వ్యాపారులు చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. అనాల్సిన పని లేదు, గుడ్డే అంటుంది.

తల్లి కనకవ్వకు రెండు రోజులుగా జ్వరం. అది కరోనా కాదని పరీక్షలో తేలినా లేచి తిరిగే ఓపిక లేదు. అందుకే అన్నం డబ్బా కోమలి తెచ్చింది. చిన్నప్పుడు ఎప్పుడో వచ్చింది ఇక్కడికి. అప్పటి చప్పుడే ఇప్పుడూ. కాళ్ల కింది బండ అదురుతుంటే మాటలు నోటి దగ్గరే రాలిపోతున్నాయి. ఆమె గోడవారగా నిలబడి తండ్రి పని ముగిసేదాకా చూసింది.

తండ్రి మొండయ్య రెండు సాంచాల నడుమ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే నాడెలో నూలు అయిపోవచ్చిందని చప్పుడును బట్టే తెలుసుకున్నాడు. సాంచా ఆపి, నాడె బయటికి లాగి, నూలు చుట్టే కండె ఖాళీ అయితే దాన్ని బొటనవేలితో ఎగరగొట్టాడు. కొత్త కండె ఎక్కించి నాడె కంట్లోంచి దారాన్ని నోటితో పీల్చడం ఇన్నేళ్ల అలవాటు. కరోనా వచ్చాక షెడ్డు మాస్టర్ అది మాన్పించి తలా ఒక కొక్కెం ఇచ్చాడు. మొండయ్య నాడెను నోటి దాకా తెచ్చి, మాస్కు తగిలాక గుర్తొచ్చి, కొక్కెం తీశాడు.

అంతకుముందు ఆయన చేసిన పని ఒకటి కోమలికి వింతగా తోచింది. కండెల డబ్బాలోంచి రెండు తీసి ట్యూబులైటు కేసి ఎత్తిపట్టాడు. ఒకదాన్ని తిప్పాడు, రెండోదాన్ని తిప్పాడు. ఒకటి డబ్బాలో వేశాడు, మళ్లీ తీశాడు. కళ్లు తిరిగిన మనిషి గోడ కోసం తడుముకున్నట్టుంది ఆ చేయి.

ప్రధాన్ మాస్టర్ ఆమెను చూసి దగ్గరికి వచ్చాడు. ఒడిశా మనిషి, షెడ్డు యజమాని సేఠ్ తరువాత ఇక్కడ ఆయనే పెద్ద. బొటనవేలిని నోటి దగ్గరికి ఎత్తి, తాగుతున్నాడన్నట్టు చూపించాడు. తరువాత ఆమెను గేటు దాకా తీసుకుపోయి హిందీలో చెప్పాడు. గుజరాత్‌లో మందు దొరకదంటారు గానీ మీ నాన్నకు మాత్రం ఎక్కడో దొరుకుతోంది. దీపావళి తరువాత ఇది మూడో ముక్క. ఊళ్లకు పోయిన కూలీలంతా తిరిగొచ్చారు, రోజూ పొద్దున గేటు ముందు నిలబడుతున్నారు. ఇంకొక్క ముక్క పాడైతే ఈ రెండు సాంచాలూ వేరేవాళ్లకు ఇచ్చేయమని సేఠ్ అన్నాడు. ఇంట్లో చెప్పుకోండి.

మొండయ్య చేతులు దులుపుకుంటూ వచ్చి డబ్బా అందుకున్నాడు. మాస్టర్ ఏం చెప్పి ఉంటాడో ఆయనకు తెలుసు. సాంచా మీది గుడ్డ కేసి కూతురు చూడటమూ చూశాడు.

"ఏం చేస్తం బిడ్డా, గట్లయితది," అని నవ్వి, డబ్బా మూత తీసి కూర వాసన చూశాడు.

ఆ సాయంత్రం డిండోలిలో వాళ్ల గది గడప దగ్గరే కనకవ్వ ఆయనను ఆపింది. జ్వరంతోనే గోడకు చారగిలబడి చీర కొంగుకు మెరుపు రాళ్లు అంటిస్తోంది, గుత్తకు తెచ్చిన పని. లేచి వచ్చి ఆయన మాస్కు కిందికి గుంజి నోరు వాసన చూసింది. ఖైనీ తప్ప ఏమీ లేదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

"వాసన రాకుంట తాగుడు ఎక్కడ నేర్చినవ్? గిట్ల తాగెటోడు సూరత్ మొత్తం మీద నువ్వొక్కనివే ఉంటవ్."

ఆయన చెప్పులు విడిచి కాళ్లు కడుక్కున్నాడు. కాదనలేదు, ఔననలేదు. కనకవ్వ మాత్రం కూతురికి తన లెక్క తాను చెప్పింది. బక్కయ్య ఉన్నన్నాళ్లూ ఈ మనిషి సక్కగానే ఉన్నాడు. బక్కయ్యదీ తమ ఊరే, షెడ్డులో పక్క సాంచాలే, ఇద్దరూ జంటగా పోయి జంటగా వచ్చేవాళ్లు. లాక్‌డౌన్‌లో రైళ్లు మొదలుపెట్టగానే బక్కయ్య పెళ్లాం పిల్లలతో ఊరెళ్లాడు, మళ్లీ రాలేదు. తోడు పోయేసరికి ఈయనకు మనసు చెదిరి సీసా పట్టుకున్నాడు. అదీ ఆమె లెక్క. కోమలికి అది నిజమే అనిపించింది. అనిపించి, తండ్రి మీద కోపం వచ్చింది.

ఆదివారం షెడ్డుకు సెలవు. కోమలికి మాత్రం పని ఉంది. అడాజణ్‌లోని చిన్న ఆఫీసు ఒకదానికి ఆమె వెబ్‌సైట్లు కడుతుంది. కరోనా మొదలైనప్పటి నుంచి ఆఫీసంటే చీరల అట్టపెట్టె మీద పెట్టుకున్న లాప్‌టాపే. ఆఫీసు నడిపే హేతల్ బెన్ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి సోమవారం పొద్దున వీడియో కాల్‌లో వంతులవారీగా ఒకరు మిగతావాళ్లకు కబుర్లు చెప్పాలి. బ్రౌజర్లలో ఏ చిన్న మార్పులు వచ్చాయి, డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ముందు ముందు ఏం రాబోతున్నాయి, అందులో మనకు పనికొచ్చేదేమిటి. ఈ వారం కోమలి వంతు.

ఆమె ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. తెరిచిన ట్యాబులను గుంపులు కట్టుకోవచ్చు. పేజీ జారేటప్పుడు పక్కనుండే పట్టీని సన్నగా చేసుకోవచ్చు. అక్షరాల సైజు పెంచితే ఇక వరుస చెదరదు. అన్నీ చీమంత మార్పులు. చివర్లో ఇంకొకటి ఉంది. ఇది వచ్చి కొన్ని నెలలైందట, తనే పట్టించుకోలేదు. బ్రౌజర్‌లో ఒక చోట నొక్కితే, రంగులు సరిగా కనబడనివాళ్లకు మన పేజీ ఎట్లా కనబడుతుందో చూపిస్తుంది. బొమ్మ గీసేటప్పుడే చూసుకునేలా డిజైన్ సాఫ్ట్‌వేర్ రాబోయే కూర్పులోనూ ఇది పెడతారట. ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయవచ్చు అనుకుంది. చెప్పే ముందు ఒకసారి నొక్కి చూడాలి కదా అని, తాను కట్టిన చీరల హోల్‌సేల్ పేజీ తెరిచింది.

నొక్కగానే పేజీ బురద నీళ్లలో ముంచి తీసినట్టయింది. సరుకు ఉంటే పచ్చ చుక్క, అయిపోతే ఎర్ర చుక్క పెట్టింది తాను. ఇప్పుడు రెండు చుక్కలూ ఒక్కటే మట్టిరంగు. కింద పక్కపక్కన పరిచిన మెరూను చీర, ముదురుపచ్చ చీర ఒకే గుడ్డ తానులోంచి కోసినట్టున్నాయి. మామూలుగా మార్చింది. మళ్లీ నొక్కింది. మామూలుగా మార్చింది.

అప్పుడు ఆమెకు ట్యూబులైటు కేసి ఎత్తిన రెండు కండెలు కళ్ల ముందు నిలిచాయి.

మొండయ్య గడపలో కూర్చుని తెగిన చెప్పుకు దారం కుడుతున్నాడు. ఆమె లాప్‌టాప్ ఎత్తుకుపోయి ఆయన ముందు పెట్టింది. తెర మీద రెండు బొమ్మలు. ఎడమ పక్క ఉన్నది ఉన్నట్టు, కుడి పక్క బురదలో ముంచినట్టు.

"బాపూ, గీ రెండిట్ల ఫరక్ ఏంది?"

ఆయన తెర కేసి కాదు, ముందు ఆమె మొహం కేసి చూశాడు. "ఇదేమన్న పందెమా?"

"జర చూసి చెప్పు."

సూదిని చెప్పులోనే వదిలేసి కళ్లు చికిలించి చూశాడు. చాలాసేపే చూశాడు. పరీక్షలో కూర్చోబెట్టిన మనిషిలా ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపాడు చూపును.

"రెండొక్కటే గద."

లోపలి నుంచి కనకవ్వ తల ఎత్తింది. వేలి కొసకు అంటిన రాయి అట్లాగే ఉంది. "ఒక్కటేంది? గా పక్కదాన్ల ఎరుపే లేదు, అంత మట్టిగొట్టుకపోయింది..." అని, మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

 పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. మొండయ్య చెప్పు తీసుకుని మిగిలిన కుట్లు వేశాడు. కుట్టు బిగించి, దారాన్ని పంటితో కొరికి, చెప్పును నేల మీద పెట్టాక అన్నాడు.

"కండ్లు సక్కగ లేనోనికి సాంచా ఎవ్వడియ్యడు బిడ్డా. తాగుబోతుకైతే ఇస్తరు."

మిగిలిన సంగతి ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎరుపు, పచ్చ ఆయనకు ఎన్నడూ విడివిడిగా కనబడలేదు. బక్కయ్యకు అది తెలుసు. ఎట్లా తెలిసిందో తెలియదు. ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. కండెలు వచ్చినప్పుడల్లా బక్కయ్య అటుగా పోతూ పోతూ ఎర్రవి కుడి చేతి డబ్బాలో, పచ్చవి ఎడమ చేతి డబ్బాలో వేసి పోయేవాడు. ఇన్నేళ్లూ అదే. ఇప్పుడు ఆ పక్క సాంచాల మీద పని చేసేవాడు బీహార్ నుంచి వచ్చాడు, వాడి పని వాడిది. కండెలన్నీ కలిసే వస్తాయి. వెలుగు బాగున్న రోజు చాయను బట్టి పోల్చుకుంటాడు. మబ్బు పట్టిన రోజు అదృష్టం.

కనకవ్వ చేతిలోని చీర పక్కన పెట్టింది. జ్వరంతోనే లేచి పొయ్యి ముట్టించి చాయ్ పెట్టింది. గ్లాసు ఆయన పక్కన పెట్టి, తాను కూడా అక్కడే గడపలో కూర్చుంది.

కోమలికి అప్పటికే ఉపాయం తట్టింది. ఆమె పనిలో మొదట నేర్పే పాఠం అది, ఆమె మరిచిపోయిన పాఠం కూడా. ఏ సంగతినీ ఒక్క రంగుతోనే చెప్పకూడదు, పక్కన ఒక గుర్తు ఉండాలి. కండె మొదలు కొయ్యది కదా, దాని మీద ఏదైనా గీస్తే సరిపోతుంది. సరిపోతుందని తండ్రి ఒప్పుకున్నాడు. గీత కంటే గాటు పెడితే ఇంకా మేలు, వేలికే తెలుస్తుంది అన్నాడు. అయితే కండెలు ఒక్క ఆయనవి కావు. నూలు చుట్టే చోటు నుంచి షెడ్డంతటికీ కలిసి వస్తాయి, కలిసి పోతాయి. మాస్టర్ చెప్పనిదే వాటి మీద ఎవరూ కత్తి పెట్టలేరు.

"మాస్టర్‌కు చెప్పుదాం మరి."

"మాస్టర్‌కు చెప్పుడంటె షెడ్డందరికి చెప్పుడే. ఒకసారి చెప్పినంక మల్ల వాపస్ తీసుకోరాదు. ఉన్న నాలుగు దినాలు ఉండనియ్యి."

ఆయన గొంతు పెద్దది చేయలేదు. అందుకే ఆ మాట మీద మాట పెంచడానికి ఆమెకు సందు దొరకలేదు.

సోమవారం కాల్‌లో ఆమె ట్యాబుల గుంపుల గురించి చెప్పలేదు, సన్నపట్టీ గురించీ చెప్పలేదు. తన వంతు సమయమంతా ఆ ఒక్క మార్పు మీదే పెట్టింది. తాను కట్టిన పేజీనే అందరికీ చూపించి, ఇన్నాళ్లూ ఎర్ర చుక్క, పచ్చ చుక్క పెట్టి కొందరికి తలుపు మూసేశామని చెప్పింది. హేతల్ బెన్ వెంటనే మార్చేయమంది. పచ్చ చుక్క పక్కన టిక్కు, ఎర్ర చుక్క పక్కన ఇంటూ గుర్తు. చాయ్ చల్లారేలోగా పని అయిపోయింది. పేజీ బాగుపడటం ఎంత తేలికో చూసి ఆమెకు సంతోషం వేయలేదు.

ఆ రోజు తండ్రి వచ్చిన తీరు చూస్తే ఏదో జరిగిందని తెలిసిపోయింది. పని చేస్తున్నంతసేపూ ఎవరో కొత్త మనిషి ఆయన వెనకాల నిలబడి ఉన్నాడట. నేర్చుకోవడానికి పెట్టామని మాస్టర్ చెప్పాడట. నేర్చుకునేవాడు సాంచా కేసి చూస్తాడు, వీడు నా చేతుల కేసి చూశాడు అన్నాడు మొండయ్య. తప్పు జరగకూడదని ప్రతి కండెనూ లైటు కింద పట్టుకుని నిలబడితే, తప్పైతే జరగలేదు గానీ సాంచా ఉత్తగా నిలబడిపోయింది. అదీ మాస్టర్ చూశాడు.

మంగళవారం పొద్దున ఆయన తల దువ్వుకుని, మాస్కు తాళ్లు చెవులకు తగిలించుకుని, కొంచెంసేపు గడపలో నిలబడ్డాడు. తరువాత వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"గా లాప్‌టాప్ పట్టుకోని నడువు."

షెడ్డులో సేఠ్ కూర్చునేది అద్దాల గది. తలుపు మూస్తే చప్పుడు సగమవుతుంది. సేఠ్ రమణీక్ భాయ్ బల్ల మీద శానిటైజర్ సీసా, దేవుడి పటం, నూలు రంగుల అట్టలు ఉన్నాయి. ఆయన మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. మొండయ్యను చూసి, సెలవు కావాలేమో అనుకున్నాడు. వెంట ఆడపిల్లను చూసి కుర్చీలో సర్దుకున్నాడు. ప్రధాన్ మాస్టర్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

లోపలికి వచ్చే ముందే కోమలి మేకుకు వేలాడుతున్న గుడ్డను ఫోనులో ఫోటో తీసి లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఇప్పుడు దాన్ని రెండు బొమ్మలుగా పక్కపక్కన పెట్టి తెరను సేఠ్ వైపు తిప్పింది. హిందీలో, తడబడకుండా, మొత్తం చెప్పింది. మా నాన్న తాగడు. ఆయనకు ఎరుపు, పచ్చ ఒక్కలాగే కనబడతాయి. మనకు ఒక బొమ్మలో పట్టీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఆయన కంటికి గుడ్డ ఎట్లా ఉంటుందో రెండో బొమ్మ చూపిస్తుంది. కండెలకు గాట్లు పెడితే ఇక తప్పు జరగదు.

మాస్టర్ ముందుకు వంగి చూశాడు. ఒక బొమ్మలో పచ్చ పట్టీ, రెండోదాంట్లో అదే చోట ఏమీ లేదు, గుడ్డ మొత్తం ఒకటే మట్టిరంగు. ఆయన నోరు తెరిచి మొండయ్య కేసి చూశాడు. ఇన్నాళ్లూ బొటనవేలితో చూపించిన సైగ గుర్తొచ్చిందేమో, చేయి జేబులో పెట్టుకున్నాడు.

రమణీక్ భాయ్ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. తెరను దగ్గరికి లాక్కున్నాడు. వెనక్కి నెట్టాడు. అద్దాలు తీసి పంచె కొసతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"దీంట్లో మార్చింది ఏది?" అని అడిగాడు.

కోమలికి ముందు అర్థం కాలేదు. సేఠ్ తనను పరీక్షిస్తున్నాడనుకుంది. కుడి పక్కది అని చెప్పబోయింది. మాస్టర్ నవ్వబోయాడు, సేఠ్ వేళాకోళం ఆడుతున్నాడని. నవ్వు సగంలో ఆగింది. వేళాకోళం ఆడే మొహం కాదు అది. ఆయన నిజంగానే ఎడమ బొమ్మ కేసి, కుడి బొమ్మ కేసి, మళ్లీ ఎడమ బొమ్మ కేసి చూస్తున్నాడు. అచ్చం మొండయ్య గడపలో కూర్చుని చూసిన చూపే. ఒక మూల నుంచి ఇంకో మూలకు.

అందరికంటే ముందు కనిపెట్టింది మొండయ్య. ఆయన చేయి చాపి, ఎంతో నెమ్మదిగా, లాప్‌టాప్ మూత దించేశాడు.

"చాలు బిడ్డా," అన్నాడు తెలుగులో. తరువాత సేఠ్ కేసి తిరిగి హిందీలో, పిల్లదానికి చూపించడం సరిగా రాలేదు సేఠ్, గది లోపల వెలుతురు తక్కువ, ఎవరికైనా అట్లాగే ఉంటుంది అని చెప్పాడు.

రమణీక్ భాయ్ మూసిన లాప్‌టాప్ కేసి చూశాడు. బల్ల మీది రంగుల అట్టల కేసి చూశాడు. ప్రతి అట్ట వెనకా ఎవరో గుజరాతీలో పెన్సిలుతో ఆ రంగు పేరు రాసి పెట్టి ఉంది. అప్పుడు మొండయ్య కేసి చూశాడు, చాలాసేపు. ఇన్నేళ్లలో ఆయన తన కూలీని అంతసేపు ఎన్నడూ చూసి ఉండడని కోమలికి అనిపించింది.

"మాస్టర్," అన్నాడు చివరికి. "కండెలకు గాట్లు పెట్టించు. మెరూనుకు ఒకటి, పచ్చకు రెండు. ఈయన సాంచాలకే కాదు. షెడ్డు మొత్తానికి."

మాస్టర్ సరేనన్నాడు. తలుపు దాకా పోయి, ఏదో అడగాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"ఆ గుడ్డ దించెయ్," అన్నాడు సేఠ్ తల ఎత్తకుండా. "మేకు కూడా పీకించు. అన్ని మేకులూ."

బయటికి వచ్చేసరికి నూలు చుట్టే చోట అప్పుడే ఒక మనిషి ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. మొండయ్య మొదటి కండె అందుకుని మొదలు మీద బొటనవేలు పోనిచ్చాడు. గాటు లోతు చాలదని చెప్పి, ఇంకొంచెం అరగదీయించాడు. రెండోది తీసుకున్నాడు. కళ్లు పక్కకు తిప్పి, వేలితోనే చూశాడు. ఒకటి. ఇంకోటి. రెండు. ఎవరూ చూడటం లేదనుకుని మరి రెండుసార్లు చూశాడు.

నిన్న వెనకాల నిలబడిన కొత్త మనిషిని మాస్టర్ చివరి వరసలో ఎవరూ లేని సాంచాల దగ్గరికి పంపాడు. మొండయ్యతో, ఈ రెండు సాంచాలూ నీవే, చాయ్ తాగి వచ్చి మొదలుపెట్టు అని హిందీలో అంటూ, ఆయన భుజం మీద చేయి వేయబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చి తీసేశాడు.

గేటు బయట చాయ్ బండి దగ్గర తండ్రీకూతుళ్లు నిలబడ్డారు. మాఘమాసపు ఎండ వెచ్చగా ఉంది. ఊపిరి ఆడేలా ఇద్దరూ మాస్కులు కిందికి దించుకున్నారు. పతంగుల పండుగ పోయి వారాలైనా కరెంటు తీగల మీద ఇంకా పతంగులు చిక్కుకుని ఉన్నాయి, కొన్ని చిరిగి, కొన్ని కొత్తవే. కోమలికి సేఠ్ గురించి అడగాలని ఉంది. తండ్రి మొహం చూసి అడగలేదు. ఆయన ఆ సంగతి ఎవరితోనూ ఎత్తడని, కనకవ్వతో కూడా ఎత్తడని ఆమెకు తెలిసిపోయింది. బక్కయ్య ఎత్తనట్టే.

మొండయ్య గ్లాసు పట్టుకుని తీగల కేసి చూస్తున్నాడు. ఊదుకుని ఒక గుక్క తాగాడు. తరువాత, పక్కవాళ్లకు వినబడుతుందేమో అని కూడా చూసుకోకుండా, చేయి ఎత్తి చూపించాడు.

"బిడ్డా, గా తోక ఉన్న పతంగి ఏం రంగు?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన నోట ఆ ప్రశ్న ఆమె వినలేదు.

"గులాబీ, బాపూ."

"గా పక్కది?"

"పచ్చ."

ఆయన తల ఊపి, ఇంకా పక్కనున్నదాని కేసి చూశాడు. ఇది తానే చెబుతానన్నట్టు చేయి అడ్డం పెట్టి, కళ్లు చికిలించాడు.

"పచ్చదే," అన్నాడు.

"కాదు, ఎరుపు."

"ఎరుపా," అని నవ్వి, చాయ్ గ్లాసు చేయి మార్చుకుని, ఆయన ఆ తరువాతి తీగ మీదికి వేలు చూపించాడు.